దీపాలు పెట్టాక ఉప్పు

పెర్త్ నుంచి నీలం కాగితం ఉత్తరం వచ్చినప్పుడల్లా నోరా మిస్ దాన్ని రెండుసార్లు చదివేది. మొదటిసారి వరండాలో వాలుకుర్చీలో కూర్చుని తనకోసం. రెండోసారి వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఆరోగ్యమ్మ కోసం, తనకొచ్చిన తెలుగులో. ఇరవై ఏడేళ్ళుగా వింటున్న తెలుగు కనక అందులో ఇంగ్లీషు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆరోగ్యమ్మకిప్పుడు పట్టేది కాదు. సోల్జర్‌పేటలో ఆ ఇంటి వెనక, పెరడు దాటాక విడిగా కట్టిన వంటిల్లు అది. మిస్ ఎప్పుడూ దాని గుమ్మం దాకానే వచ్చేది, లోపలికి రావలసిన పని ఉండేది కాదు.

ఆ వేళ ఉత్తరం వచ్చేసరికి ఆరోగ్యమ్మ కత్తిపీట ముందు కూర్చుని కోనాం చేప కోస్తోంది. నడిమి ముక్కలు ఒక గిన్నెలో, తల, తోక ఇంకో గిన్నెలో. నడిమి ముక్కలు మిస్‌కి. తలా తోకా ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

"మేవిస్ ఏం రాసిందో విను" అంది నోరా మిస్, కళ్ళజోడు సర్దుకుని. "నాకు మోకాళ్ళు పోయాయి అంటోంది. ఇక్కడ కుక్ లేదు, ఆయా లేదు, బట్టలుతికే మనిషి లేదు. నీ తిండి నువ్వే వండుకోవాలి, నీ దుప్పటి నువ్వే ఉతుక్కోవాలి. చేతనవుతుందంటే రా. చేతకాదంటే ఇప్పుడే చెప్పు. వచ్చాక నామీద పడకు."

మేవిస్ ఆమె చెల్లెలు. సముద్రాల అవతల ఆ దేశం వెళ్ళి ఆరేళ్ళయింది. ప్రతి ఉత్తరంలోనూ సలహాలే. పచ్చళ్ళు, విత్తనాలు, చెక్క సామాను తేవద్దు, దిగిన చోటే లాక్కుని పారేస్తారు. మొదటి నెల ఎవరేం పెట్టినా బాగుందనే చెప్పు, మా ఊళ్ళో ఇలా కాదు అనకు. పక్కింటికి వట్టి చేతుల్తో వెళ్ళకు. ఏడుపొస్తే ఎవరికీ కనపడకు, స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పి ఏడువు, చప్పుడు వినపడదు. చదివి చదివి మిస్‌కి ఎంత వచ్చిందో గాని ఆరోగ్యమ్మకు మాత్రం అన్నీ కంఠతా వచ్చేశాయి.

ఆంగ్లో ఇండియన్ అయిన నోరా మిస్‌కి అరవై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. బడిలో చిన్నపిల్లలకి పియానో వాయించి పాటలు నేర్పి రిటైరైంది. టీ కాచుకోవడం వచ్చు. మద్రాసు మెయిల్‌కి టిక్కెట్టు తీసేశారు, ఇంకా రెండు వారాలుంది. మద్రాసులో విమానం ఎక్కాలి.

"నేర్పిస్తావా, ఆరోగ్యం?" అంది. ఆ గుమ్మం దగ్గర నుంచుని ఆమె ఏదైనా చెప్పడమే గాని అడగడం ఆరోగ్యమ్మ ఎరగదు. అందుకని కాస్త ఆలస్యంగా తలెత్తింది.

"నేర్పడానికి ఏటుందమ్మగారూ? బియ్యం, నీల్లు, మంట. అంతే గదా" అంది.

అన్నాక చేప తోమడంలో పడింది గాని, మనసు చేపమీద లేదు. ఇంటి ఓనరు సన్యాసిరాజు వారం కిందట టేపు పట్టుకొచ్చి ఇల్లూ పెరడూ కొలిచి వెళ్ళాడు. మిస్ వెళ్ళిన మర్నాడే పడగొట్టి గోడౌను కడతాడట. వంటింటి వెనక ఆరోగ్యమ్మ ఉండే గది కూడా కొలతలోకి వచ్చింది. ఆమెకి యాభై ఎనిమిది. ఆ గదిలోకి వచ్చినప్పుడు జుట్టు నల్లగా ఉండేది. వండడం రాకపోతే మిస్ వెళ్ళదు, మిస్ వెళ్ళకపోతే గది ఉంటుంది. ఇంత చిన్న లెక్క ఎవరికైనా తెలుస్తుంది. ఆరోగ్యమ్మ ఆ ఆలోచనకి సిగ్గుపడి, చేపను అవసరం లేకపోయినా మరోసారి కడిగింది.

మర్నాడు పొద్దున్న నోరా మిస్ పూల గౌను మీద ఆప్రాన్ కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఎక్కడ నుంచోవాలో తెలియక తలుపు పక్కన నుంచుంది. ఆరోగ్యమ్మ పాలడబ్బా తీసి, దాని లోపల మేకుతో గీత గీసి చూపించింది. "ఒక్క మనిసికి ఇక్కడిదాకా. డబ్బా నిండా పోసీకండి, రెండు రోజులు తినాలి." బియ్యం మూడుసార్లు కడగడం, గిన్నెలో బియ్యం మీద వేలు నిలబెట్టి నీళ్ళు వేలి రెండో గీత దాకా పోయడం, మూత వెయ్యడం, ఎసరు ఇగిరాక కదపకుండా దించడం. కిరసనాయిలు స్టవ్వుకి గాలి కొట్టడం దగ్గర మిస్ భయపడింది. అక్కడ ఇది ఉండదులే, కరెంటు స్టవ్వు, అని తనకి తనే చెప్పుకుంది.

అన్నం పొడిపొడిలాడుతూ వచ్చింది. మధ్యాహ్నం చేప కూర కూడా బాగా కుదిరింది. నోరా మిస్ బల్ల దగ్గర కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది. "నేను చేశానా ఇది? మేవిస్ నమ్మదు" అంది. తిన్న వెంటనే చెయ్యి తుడుచుకుని ఉత్తరం రాయడానికి కూర్చుంది.

కుదరక ఏం చేస్తుంది? మిస్ ఉల్లిపాయలు వేసి కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళినప్పుడు ఆరోగ్యమ్మ మంట తగ్గించింది. మిస్ కారం రెండు చెంచాలు గుమ్మరిస్తే, అటు తిరిగేలోగా ఒక చెంచా తీసేసింది. పోస్టుమాన్ పిలిస్తే మిస్ వెళ్ళింది, ఆరోగ్యమ్మ చెయ్యి ఉప్పుజాడీలోకి వెళ్ళింది. అన్నంలో నీళ్ళు చాలకపోతే అరగ్లాసు పోసి మళ్ళీ మూత పెట్టింది. ఇవేవీ ఆమె అనుకుని చెయ్యలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఆ ఇంట్లో మిస్ చేసిన ఏ పనీ చేసినట్టే ఉండిపోలేదు. ఆమె కుట్టిన గుండీ ఆరోగ్యమ్మ మళ్ళీ కుట్టేది, ఆమె మడిచిన దుప్పటి మళ్ళీ మడిచేది. మిస్‌కి తెలిసేది కాదు, తెలియనివ్వకపోవడమే పని అని ఆరోగ్యమ్మ అనుకునేది.

రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. నోరా మిస్ పాటలు పాడుకుంటూ గరిటె తిప్పుతోంది. నాలుగోరోజు మధ్యాహ్నం ఆరోగ్యమ్మ వరండాలో తడిగుడ్డ పట్టి కుర్చీలు తుడుస్తూంటే, రేవులో ఓడలకెత్తే ముడి ఇనుము ధూళి ఎర్రగా గుడ్డకంటుతూంటే, తను చేస్తున్నదేమిటో తనకే అర్థమైంది. ఈవిడకేమీ రాలేదు. వచ్చిందనుకుని పోతుంది. పోయి అక్కడ గిన్నె మాడ్చి, చెయ్యి కాల్చుకుని, చెల్లెలి చేత తిట్లు తిని, రెండు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. వస్తే ఎక్కడుంటుంది? ఎక్కడో ఒక గది చూసుకుంటుంది. దాని వెనక ఇంకో గది ఉండకపోతుందా?

ఆ ఊహ తియ్యగా ఉంది. ఆరోగ్యమ్మ దాన్ని కాదనలేదు. ఆదివారం కొండ మీద మేరీమాత గుడికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే, అక్కడా దాన్ని పక్కన పెట్టలేకపోయింది.

సోమవారం ఇంకో నీలం ఉత్తరం వచ్చింది. నోరా మిస్ గుమ్మం దగ్గర కాదు, ఈసారి వంటింట్లో ముక్కాలిపీట మీదే కూర్చుని చదివింది. ఖరగ్‌పూర్ నుంచి ఒక ముసలావిడ అక్కడికి వెళ్ళిందట. ఇక్కడ నలుగురు నౌకర్లతో బతికిన మనిషి. అక్కడ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది, ఒకసారి కాదు మూడుసార్లు. కొడుకు ఆవిణ్ణి ముసలివాళ్ళ హోమ్‌లో పెట్టాడు. పొద్దున్నే తయారై, హేండ్‌బేగ్ ఒళ్ళో పెట్టుకుని తలుపుకెదురుగా కూర్చుంటుందట, ఎవరో తీసుకెళ్ళడానికి వస్తారని. సాయంత్రం నర్సు వచ్చి ఆ బేగ్ తీసి లోపల పెడుతుందట.

"తిరిగొచ్చీనేదా ఆవిడ?" అనడిగింది ఆరోగ్యమ్మ.

"ఎక్కడికి వస్తుంది? ఇక్కడ అన్నీ ఇచ్చేసి వెళ్ళింది కదా. ఒకసారి వెళ్ళాక రావడం ఉండదు, ఆరోగ్యం" అంది నోరా మిస్. ఉత్తరం మడిచి, "నాకు భయం లేదు. నేను నేర్చుకున్నాను" అని నవ్వింది.

ఆరోగ్యమ్మ చేతిలో వంకాయ సగం కోసి ఉంది. దాన్ని కత్తిపీట పక్కన పెట్టేసింది. మిస్ ఒళ్ళో ఆ నల్ల హేండ్‌బేగ్ ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. దాని పిడి ఊడితే రెండుసార్లు చెప్పుల అంగడికి పట్టుకెళ్ళి కుట్టించింది తనే.

"అమ్మగారూ, మీకేటీ రానేదు" అంది.

"వాట్?"

"మీరొండింది మీరొండింది కాదు. మీరటెల్తే నాను ఉప్పేసినాను. మంట తగ్గించినాను. అన్నంలో నీల్లు పోసినాను. రోజూను."

నోరా మిస్ కళ్ళజోడు తీసింది. "ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునించీనమ్మగారూ."

"అంతా?"

ఆరోగ్యమ్మ న్యాయంగా ఆలోచించింది. "టీ మట్టుకు మీదేనమ్మగారూ" అంది.

మిస్ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. పియానో ఉండే చోట, అది కాన్వెంటుకు పోయాక గచ్చు మీద మిగిలిన నాలుగు గుంటల దగ్గర నుంచుంది. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. ఆరోగ్యమ్మ మూత పెట్టిన పళ్ళెం బల్ల మీద పెట్టి, నాలుగింటికి అలాగే వెనక్కి తెచ్చుకుంది. నిజం చెప్పి తను ఏం బాగుపడిందో ఆమెకు అర్థం కాలేదు. మిస్ మనసు విరిగింది. రేపు వెళ్ళనంటే మంచిదే గాని, అనదని తెలుసు. టిక్కెట్టు ఉంది, ఇల్లు లేదు.

ఐదింటికి నోరా మిస్ వంటింట్లోకి వచ్చి, ఆరోగ్యమ్మ పీట తీసుకెళ్ళి పెరట్లో గోడకెదురుగా వేసింది. అల్లరి చేసిన పిల్లల్ని బళ్ళో ఆవిడ అలాగే కూర్చోబెట్టేదని ఊరంతా చెప్పుకునేవారు.

"రేపట్నుంచి నువ్వు అక్కడ. గోడవైపు" అంది.

ఇరవై ఏడేళ్ళ కొలువులో ఆరోగ్యమ్మకు అంత కష్టమైన పని ఎప్పుడూ తగల్లేదు. గోడకెదురుగా కూర్చుంటే వెనక వంటింట్లో ఏం జరుగుతోందో చెవులకీ ముక్కుకీ తెలుస్తూనే ఉంది. నూనె పొగొచ్చేసింది, ఉల్లిపాయ పడాలి, ఇంకా పడలేదు. పడింది. మాడుతోంది. గిన్నె మూత గచ్చు మీద పడి దొర్లింది. మిస్ ఇంగ్లీషులో ఏదో అంది. ఆరోగ్యమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అవి లేచి వెళ్ళిపోతాయేమోనని ఆమెకు నిజంగానే అనిపించింది. గోడ మీద చీమలు బారుగా పోతూంటే వాటిని లెక్కపెట్టింది.

ఆ రోజు అన్నం అడుగంటింది. నోరా మిస్ పైపైన తీసుకుని తినేసింది. మర్నాడు అన్నం పలుకయింది, అదీ తింది. బొటనవేలు కాలి బొబ్బెక్కితే ఆరోగ్యమ్మ కొబ్బరినూనె తెచ్చింది. "అక్కడ పెట్టు, నేను రాసుకుంటాను" అంది మిస్.

ఇంక మూడు రోజులే ఉందనగా, మధ్యాహ్నం మిస్ బల్ల దగ్గర్నుంచి పిలిచింది. ఒక పళ్ళెంలో అన్నం, వంకాయ కూర పెట్టి ముందుకి జరిపింది. "తిను. తిని చెప్పు" అంది.

ఆరోగ్యమ్మ నుంచునే ఒక ముద్ద తింది.

"బాగుందా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు. అది నాలిక చివర దాకా వచ్చింది. ఆరోగ్యమ్మ దాన్ని మింగేసింది.

"నేదమ్మగారూ. ఉప్పు నేదు."

నోరా మిస్ పళ్ళెం తనవైపు లాక్కుంది. తలుపు దగ్గర అలమరలో ఉన్న ఉప్పుజాడీ కోసం చెయ్యి చాచింది. ఆరోగ్యమ్మ జాడీ తీసింది గాని చేతికివ్వలేదు, ఎప్పటిలాగే బల్ల మీద పెట్టింది.

"ఎందుకలా పెడతావు? చెయ్యి చాస్తే చేతికివ్వవు. ఇన్నేళ్ళూ నీకు పొగరు అనుకున్నాను" అంది మిస్.

"పొగరు కాదమ్మగారూ. ఉప్పు సేతికిస్తే దెబ్బలాటలొత్తాయి. మనిద్దరికీ ఎందుకని."

నోరా మిస్ ఆ జాడీ వంకా ఆమె వంకా చూసింది. మనిద్దరికీ ఎప్పుడైనా దెబ్బలాట వచ్చిందా అని వెతుక్కుంది. రాలేదు. "ఇంకేమున్నాయి? చెప్పు. మేవిస్‌కి తెలియనివి" అంది.

"దీపాలెట్టీసినాక ఎవులైనా ఉప్పడిగితే ఇవ్వకండి. ఇంట్లో లచ్చిమి ఎల్లిపోతాది."

"నువ్వు క్రిస్టియన్‌వి కదా, ఆరోగ్యం?"

"ఉప్పు అందరిదీనమ్మగారూ."

నోరా మిస్ పెద్దగా నవ్వింది. నాలుగు రోజులకి మొదటిసారి. నవ్వుతూనే లేచి, మూడు వేళ్ళతో ఉప్పు తీసి కూర మీద చల్లి, కలిపి, చూసి, ఇంకొంచెం చల్లింది. ఆరోగ్యమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని నుంచుంది. ఆ రెండోసారి చల్లడం చూశాక, ఇంక ఈవిడ బతుకుతుంది అనుకుంది. సంతోషమే వేసింది. దాని వెనకాలే, వంట అయిపోయాక స్టవ్వు ఆర్పిన వంటింట్లో ఉండేలాంటి స్తబ్ధత ఒకటి వచ్చి కూర్చుంది.

ఆఖరి రెండు రోజులూ ఇల్లంతా కాగితం ముక్కలు. ఏ సామాను ఎవరికో మిస్ ఇంగ్లీషులో పేర్లు రాసి జిగురుతో అంటించింది. గాలొస్తే ఇల్లంతా రెపరెపలాడేది. ఆరోగ్యమ్మకు చదువు రాదు. దుమ్ము తుడుస్తూ ప్రతి కాగితం దగ్గరా ఒక క్షణం ఆగేది, తన పేరు చూస్తే తెలుస్తుందేమోనని. అలమర డాక్టరుగారికి పోయింది, వాలుకుర్చీ ఫాదర్‌గారికి. కాన్వెంటు సిస్టర్లు పింగాణీ సామాను, జాడీలు, గరిటెలు పట్టుకెళ్ళారు. ఉప్పుజాడీ కూడా అందులోనే పోయింది.

సాయంత్రం మిస్ లోపల్నుంచి ఒక బరువైన మూట తెచ్చి ఆరోగ్యమ్మ చేతుల్లో పెట్టింది. ఊలు దుప్పటి, ఇంగ్లండుది, వాళ్ళమ్మది. "మేవిస్ వద్దంది. అక్కడ ఇంతకంటే మంచివి దొరుకుతాయట. నీకు ఉంటుంది" అంది. మే నెల. ఇద్దరికీ నుదుటి మీద చెమట కారుతోంది.

"నీకేం, అదృష్టవంతురాలివి. ఆనందపురంలో మేనకోడలుంది. నేనే, ఈ వయసులో, కొత్త దేశం" అంది మిస్, కుర్చీ లేదు కనక కిటికీ గట్టు మీద కూర్చుంటూ.

మేనకోడలు దేవకుమారి ఒకసారి రమ్మన్న మాట నిజమే. అది నాలుగేళ్ళ కిందటి మాట. ఇప్పుడా రెండు గదుల్లో ఏడుగురున్నారు. ఆరోగ్యమ్మ ఆ సంగతి చెప్పి ఉండవచ్చు. కానీ ఆమెకు కోపం వచ్చింది. ఇరవై ఏడేళ్ళలో రాని కోపం, చేతుల్లో ఊలు దుప్పటి ఉండగా వచ్చింది. ఇల్లు మారుతున్నది ఈవిడ ఒక్కతేనా? ఈవిడకి సముద్రాల అవతల్నుంచి వారం వారం ఉత్తరాలొచ్చాయి. ఏం తెచ్చుకోవాలి, ఏం మాట్లాడాలి, ఎక్కడ ఏడవాలి అన్నీ చెప్పేవాళ్ళున్నారు. నువ్వెక్కడికి పోతావు అని తనని అడిగినవాళ్ళు లేరు. అడగకుండానే జవాబు కూడా ఈవిడే చెప్పేసింది.

"అవునమ్మగారూ, ఉంది" అంది ఆరోగ్యమ్మ.

మర్నాడు మద్రాసు మెయిల్ దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. నోరా మిస్ కిటికీ దగ్గర కూర్చుంది, నల్ల హేండ్‌బేగ్ ఒళ్ళో ఉంది. ఆరోగ్యమ్మ దాన్ని చూడలేక కింద పట్టాల వైపు చూసింది. మిస్ కిటికీ ఊచల్లోంచి వేలు బయటపెట్టి నిలబెట్టింది.

"రెండో గీత దాకా" అంది.

"ఆ, రెండో గీత. మూత తియ్యకండి" అంది ఆరోగ్యమ్మ.

బండి కదిలింది. ఆ వేలు కొంత దూరం దాకా కనపడింది.

చేపలమ్మే జోగమ్మ చూసిపెట్టింది గది. జ్ఞానాపురంలో చర్చి వెనక సందులో వరసగా ఐదు గదులు, అందరికీ కలిపి ఒక కొళాయి. అది తెల్లారి ఆరింటికి వస్తుంది, ఏడింటికి పోతుంది. రిక్షాలో ట్రంకు పెట్టె, స్టవ్వు, నాలుగు గిన్నెలు, ఊలు దుప్పటి. మిస్ పాలడబ్బా తీసుకెళ్ళింది కనక అది లేదు. ఆరోగ్యమ్మ గది ఊడ్చి, గోడకి మేకు కొట్టి సిలువ తగిలించి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి దానిమీద కూర్చుంది. దానికీ ఒక ఉపయోగం కనపడింది.

ఇప్పుడేం చెయ్యాలి? ఎవరూ చెప్పేవాళ్ళు లేరు గనక మేవిస్ చెప్పినవే జ్ఞాపకం తెచ్చుకుంది. మా ఇంట్లో ఇలా కాదు అనకు. అనడానికి ఎవరున్నారు? ఏడుపొస్తే కొళాయి తిప్పు. దానికి రేపు పొద్దున్న బిందె పట్టుకుని వరసలో నుంచోవాలి. ఆరోగ్యమ్మకు నవ్వొచ్చింది. ఇంకొకటి కూడా రాసిందావిడ: మొదటి రోజే నీకిష్టమైనది వండుకుని తిను, అప్పుడది నీ ఇల్లవుతుంది.

మూడు దాటాక జోగమ్మ అమ్మగా అడుగున మిగిలిన చేపల బుట్టతో వచ్చి గుమ్మంలో దించింది. "ఏటి కావాలప్పా? కోనాం నేదు, అయిపోయింది" అంది.

"కోనాం నాకెందుకే?"

"మరేటి తింటావు నువ్వు?"

ఆరోగ్యమ్మ బుట్టలోకి చూసింది. ఏ చేప మిస్‌కి పడుతుందో, దేంట్లో ముల్లు తక్కువో చెప్పమంటే నిద్దట్లో చెప్పగలదు. తనకేది ఇష్టమో జ్ఞాపకం రాలేదు. జోగమ్మ విసనకర్రతో ఈగలు తోలుతూ, తొందరపెట్టకుండా కూర్చుంది. చాలాసేపటికి ఆరోగ్యమ్మ, "కవ్వల్లు వెయ్యి" అంది. ముళ్ళ చేప, వాసన వరండా దాకా వస్తుందని ఆ ఇంట్లో ఎన్నడూ వండనివ్వలేదు. పెళ్ళికి ముందు తల్లి చేతి పులుసులో తిన్నదది.

పొలుసు తీసి, కడిగి, చింతపండు నానబెట్టి, వరసలో వాళ్ళని అడిగి ఎవరి పని ఎక్కడ చేసుకోవాలో కనుక్కుని మొదలుపెట్టేసరికి పొద్దు వాలింది. పులుసు ఉడికింది. వాసన సందంతా నిండింది. ఆరోగ్యమ్మ గరిటె ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి స్టవ్వు పక్కకి చాచింది. చెయ్యి గచ్చుకి తగిలింది.

ఉప్పు లేదు. కారం తెచ్చుకుంది, పసుపు తెచ్చుకుంది, చింతపండు తెచ్చుకుంది. వంటిల్లంటే ఉప్పుజాడీ ఉండే చోటు, అది వేరే తెచ్చుకోవలసిన వస్తువని ఆమెకి తోచనే లేదు. బయటికి చూసింది. అన్ని గదుల్లోనూ దీపాలు వెలిగాయి. ఈ వేళప్పుడు సందు చివర కొట్టువాడు కూడా ఉప్పమ్మడు. గిన్నె దించుకుని దాని ముందు కూర్చుంది. ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంటే చప్పగా, ఎవరిదో వంటలా ఉంది. ఇన్నేళ్ళు వంట చేసిన మనిషి మొదటి రోజే ఇలా కూర్చోవడం ఆమెకు చాలా కష్టంగా తోచింది. తినకుండా పడుకుందామనుకుంది.

పక్కింటికి వట్టి చేతుల్తో వెళ్ళకు. ఆరోగ్యమ్మ ఒక చిన్న గిన్నెలో పులుసు పోసుకుని, కొంగు సర్దుకుని పక్క గది గుమ్మం ముందు నుంచుంది. లోపల ముప్పై ఏళ్ళ మనిషి, నుదుట పెద్ద బొట్టు, దేవుడి పటం ముందు దీపం ఎగదోస్తోంది.

"ఎవులూ?"

"పక్క గదిలోకొచ్చినానమ్మా. ఆరోగ్యమ్మని. కవ్వల్ల పులుసు తెచ్చినాను. ఉప్పు..." అని ఆగిపోయింది. ఆ మాట ఎలా అడగాలో ఆమెకి అలవాటు లేదు. "ఉప్పు మర్సిపోయినాను. ఈయేలప్పుడు ఇవ్వకూడదని తెలుసు. అయినా వొచ్చినాను."

ఆవిడ దీపం వంక చూసింది, ఆరోగ్యమ్మ వంక చూసింది. "నా పేరు గౌరీశ్వరి. దీపాలెట్టీసినాక ఉప్పు గడప దాటించను పిన్నమ్మా, ఏటనుకోకు" అంది.

"తెలుసమ్మా. నానూ ఇయ్యను." ఆరోగ్యమ్మ వెనక్కి తిరిగింది.

"ఆగు, ఆగు. ఉప్పు దాటకూడదు గాని, పులుసు దాటొచ్చు గదా. ఆ గిన్నెడే ఏటి, కుండ మొత్తం అట్టుకురా."

ఆరోగ్యమ్మ వెళ్ళి గుడ్డతో పట్టుకుని పులుసుగిన్నె తెచ్చింది. గౌరీశ్వరి దాన్ని అందుకుని లోపలికి తీసుకెళ్ళి తన పొయ్యి మీద పెట్టింది. ఆరోగ్యమ్మ గడప బయట నుంచుని, ఎందుకో గోడవైపు తిరిగింది. వెనకాల డబ్బా మూత తీసిన చప్పుడు. ఉప్పు పడింది. గరిటె తిరిగింది. అరచేతిలో చుక్క వేసుకుని నాకిన చప్పుడు. మళ్ళీ ఉప్పు, ఈసారి కాస్త. తన వంటలో ఇంకొకరి చెయ్యి పడడం ఆమె ఎరిగి ఇదే మొదటిసారి.

"ఇలగ సూడు పిన్నమ్మా, సరిపోయిందా?"

ఆరోగ్యమ్మ ఇటు తిరిగి అరచెయ్యి చాచింది. గౌరీశ్వరి గరిటెతో చుక్క వేసింది. ఉప్పు ఒక పిసరు ఎక్కువే అయింది.

"బాగుందమ్మా" అంది ఆరోగ్యమ్మ.

గిన్నె తీసుకుని తన గదిలోకి వచ్చి, దుప్పటి మడత మీద కూర్చుని, పళ్ళెంలో అన్నం పెట్టుకుని పులుసు పోసుకుంది. ఏడుపొచ్చింది. కొళాయి వచ్చేది తెల్లారి ఆరింటికి. అంతవరకూ ఆగడం ఆమె వల్ల కాలేదు.